వారానికి గంట టైమ్, నష్టం చూస్తే నిద్రపట్టదు: షేర్లా, ట్రేడింగా, సిప్పా?

షిఫ్ట్‌డ్యూటీ:
ఆస్పత్రి ల్యాబ్‌లో షిఫ్టుల ఉద్యోగం. నెలకు 20,000 మిగులుతుంది. పాపకు మూడేళ్లు, పెద్ద చదువుకు దాచాలి. వారానికి గంటకు మించి టైమ్ దొరకదు. మార్కెట్ కాస్త పడితే చాలు, యాప్ తెరిచి చూస్తూనే ఉంటాను. ఆరు నెలల ఖర్చు ఎఫ్‌డీలో ఉంది, అప్పుల్లేవు. ఇంట్లోవాళ్లు చీటీ వేయమంటున్నారు. ఏ దారి మంచిది?

పద్దుపుస్తకం:
ముందు ఎంత నష్టం ఓర్చుకోగలరో రూపాయల్లో రాసుకోండి. శాతాల్లో అడిగితే అందరూ "30% అయినా పర్లేదు" అనేస్తారు. 2020 జనవరిలో 12,362 దగ్గర ముగిసిన నిఫ్టీ (50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ), మార్చి 23కి 7,610కి దిగింది. పది లక్షలు పెట్టినవాళ్లకి రెండు నెలల్లో 6.16 లక్షలు కనిపించాయన్నమాట. 2008లో సగానికి పైనే పోయింది.

అందుకే షేర్లు సగానికి పడతాయనే లెక్క వేసుకోండి. మొత్తం మీద 20% తగ్గినా కదలననుకుంటే ఈక్విటీ, అంటే షేర్ల వాటా, 40%. మీకైతే 8,000 నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో (ఆ సూచీలోని షేర్లనే కొనే మ్యూచువల్ ఫండ్) సిప్‌గా, అంటే నెలనెలా; 12,000 సుకన్య సమృద్ధిలో (ఆడపిల్లలకు ప్రభుత్వ పొదుపు పథకం). సుకన్యలో ఏడాదికి 1.44 లక్షలు, 1.5 లక్షల పరిమితి దాటదు.

క్యూత్రీ:
వారానికి గంట అంటే నేరుగా షేర్లు వద్దు. ఆ పని వారానికింతని సమానంగా రాదు. త్రైమాసికం ముగిసిన 45 రోజుల్లోపు (ఏడాది చివరిదానికైతే 60) కంపెనీలు ఫలితాలివ్వాలి, చాలావరకు చివరి రెండు మూడు వారాల్లోనే వచ్చిపడతాయి. 15 కంపెనీలుంటే ఫలితాలు, కాన్‌కాల్ (వాటిపై యాజమాన్యం ఇన్వెస్టర్లతో మాట్లాడే కాల్) కలిపి ఒక్కోదానికి గంటన్నర వేసుకున్నా 22 గంటలపైనే. అప్పుడే నైట్ షిఫ్టులు పడితే చదవరు. చదవకపోతే టిప్పుల మీద పడతారు.

స్వింగ్ ట్రేడింగ్, అంటే కొన్ని రోజులకో వారాలకో కొని అమ్మడం, ఇంకా కష్టం. మార్కెట్ 9:15 నుంచి 3:30 దాకా, అంటే నైట్ డ్యూటీ చేసొచ్చి మీరు పడుకునే టైమ్. స్టాప్‌లాస్ (ఇంతకు పడితే అమ్మేయమని ముందే పెట్టే ఆర్డర్) ఉంది కదా అంటారు. పొద్దున గ్యాప్‌డౌన్‌లో, అంటే నిన్నటి ధరకంటే బాగా కిందనే, తెరుచుకుంటే ఆ ధరకు అమ్ముడవదు. ఏడాదిలోపు అమ్మితే లాభంపై 20% పన్ను. ఏడాది దాటితే 12.5%, అదీ 1.25 లక్షల పైన లాభానికే. ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్) జోలికి అసలు పోకండి: 2022–24 మూడు ఆర్థిక సంవత్సరాల్లో 93% మంది వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే లెక్క తేల్చింది.

చీటీ అవసరానికి డబ్బు ఎత్తుకోవడానికి బాగుంటుంది. ఫోర్‌మన్ (చీటీ నడిపేవారు) కమీషన్ 7% దాకా ఉండొచ్చు. చివరిదాకా ఆగినా మీకు మిగిలేది మిగతావాళ్లు ఎంత తగ్గించి పాడారన్న దానిమీదే. ఇంత దూరపు లక్ష్యానికి పనికిరాదు.

నిదానమే:
40% మరీ తక్కువనిపిస్తోంది. 60% అంటే నెలకు 12,000 సిప్ కట్టినా మొదటి ఏడాది పోగయ్యేది 1.44 లక్షలే. అది సగమైనా ఆరు నెలల సిప్‌తో సమానం. అసలు పరీక్ష ఎనిమిదో ఏడు తర్వాత, డబ్బు పెద్దమొత్తం అయ్యాక. 60%తో మొదలుపెట్టి అప్పుడు తగ్గించుకోవచ్చు.

పద్దుపుస్తకం:
లెక్క నిజమే. కానీ చిన్న పతనానికే యాప్ వదలని మనిషి మొదటి ఏడాదే సిప్ ఆపేస్తే ఎనిమిదో ఏడు దాకా వెళ్లేదెక్కడ?

షిఫ్ట్‌డ్యూటీ:
సరే, చెరో పదివేలు. ఎలా మొదలుపెట్టాలి?

నిదానమే:
ఫండ్‌లో డైరెక్ట్ ప్లాన్ (ఏజెంటు కమీషన్ లేనిది), గ్రోత్ ఆప్షన్ (లాభాన్ని పంచకుండా ఫండ్‌లోనే ఉంచేది) చూసుకోండి. పేర్లు ఒకేలా ఉంటాయి, రెగ్యులర్ ఎంచుకుంటే ఏటా కమీషన్ పోతూనే ఉంటుంది. సిప్ తేదీ జీతం పడ్డాక నాలుగైదు రోజులకు పెట్టండి. ఖాతాలో డబ్బులేక వరుసగా మూడు నెలలు బౌన్స్ అయితే సిప్ రద్దవుతుంది, బ్యాంకు ఛార్జీ అదనం.

సుకన్యలో 5వ తేదీలోపే వేయాలి. 5 నుంచి నెలాఖరు వరకు ఉన్న కనిష్ఠ బ్యాలెన్స్‌ మీదే వడ్డీ కడతారు కాబట్టి 6న వేస్తే ఆ నెల వడ్డీ రాదు. పాపకు 18 వచ్చాక లేదా పదో తరగతి పాసయ్యాక చదువుకు సగమే తీసుకోనిస్తారు, మిగతా ఫీజులు ఫండ్ నుంచే రావాలి. అందుకని పాపకు 15 వచ్చేసరికి ఫండ్‌లోది కొంచెం కొంచెంగా లిక్విడ్ ఫండ్‌కో (షేర్లు లేని, ఒడిదొడుకులు తక్కువున్న ఫండ్) ఎఫ్‌డీకో మార్చండి, ఏటా లాభం 1.25 లక్షల లోపే తేలేలా.

ఫండ్, సుకన్యల సగం-సగం వాటాలు ఏప్రిల్‌లో ఒక్కసారి చూడండి. 5% కంటే ఎక్కువ పక్కకు జరిగితే అమ్మకుండా కొత్త డబ్బును తక్కువైనవైపు పెంచితే చాలు, పన్ను పడదు. ఫోన్లో యాప్ తీసేయండి, సిప్ దాని పాటికి అది నడుస్తుంది, స్టేట్‌మెంట్ మెయిల్‌కు వస్తుంది.