నల్ల కారు బానెట్ మీద బోరు నీటి మచ్చలు: చేత్తో పోతాయా, మెషీన్ తప్పదా?

మాది రాయగడ. కారు నలుపు, మూడేళ్లది, రంగు ఇంకా కంపెనీదే. వారం వారం నేనే కడుగుతాను. పోయిన ఆదివారం పదకొండింటికి ఎండలోనే షాంపూ కడిగేసి, తుడవబోతుంటే ఫోన్ వచ్చింది. ఇరవై నిమిషాల తర్వాత వచ్చి చూస్తే నీళ్లన్నీ బానెట్ మీద, అద్దాల మీద ఎండిపోయి మచ్చలు కట్టాయి. మా బోరు నీటి టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల మోతాదు) మీటర్‌లో 640 చూపిస్తోంది.

ముందు వెనిగర్, డిస్టిల్డ్ వాటర్ సమపాళ్లలో కలిపి, నీడలో, మైక్రోఫైబర్ గుడ్డ తడిపి రెండు నిమిషాలు పరిచాను. అద్దాల మీదవి శుభ్రంగా పోయాయి, బానెట్ మీదవి పోలేదు. తర్వాత క్లే బార్ (రంగుకు అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద) పట్టాను. చేతికి గాజులా నున్నగా తగులుతోంది గానీ మచ్చలు మాత్రం అలాగే ఉన్నాయి. చేత్తో పాలిష్ రెండుసార్లు రుద్దితే కాస్త మసకబారాయి, మర్నాడు కడిగేసరికి మళ్లీ తేలాయి. పాలిష్‌లోని నూనె వాటిని కప్పిందంతే అనుకుంటున్నాను.

టార్చి ఏటవాలుగా వేస్తే ఒక్కో మచ్చ కందిగింజంత గుండ్రంగా, అంచు తెల్లగా, మధ్యలో కొంచెం గుంటలా కనిపిస్తోంది. గోరుకు మాత్రం తగలడం లేదు.

అల్మరా నిండా సీసాలు పోగేశాను గానీ కాంపౌండ్ (పాలిష్ కన్నా గరుకుగా ఉండి పైపొరను అరగదీసే పేస్టు) ఎప్పుడూ వాడలేదు. క్లియర్ కోట్ (రంగు మీద ఉండే పారదర్శక పొర) మందమే సుమారు 40-50 మైక్రాన్లు, అరగదీస్తే తిరిగి రాదు. మందం కొలిచే గేజ్ నా దగ్గర లేదు. అదే టెన్షన్.

ఇలాంటి మచ్చలు పోగొట్టినవాళ్లు చెప్పండి: కాంపౌండ్ చేత్తో రుద్దితే సరిపోతుందా, డీఏ పాలిషర్ (తిరుగుతూ, ఊగుతూ రుద్దే పాలిష్ మెషీన్) కొనక తప్పదా?