బంగారు బతుకమ్మ, జమ్మి బంగారం: రెండూ ఒకటేనా?

"అక్కా, మా గుంటూరు వైపు జమ్మి పూజ ఉంది గానీ, ఆకు తెచ్చి చేతిలో పెట్టి ‘బంగారం’ అనడం హనుమకొండకు కాపురానికి వచ్చాకే చూశాను. బతుకమ్మ పాటలోనూ ‘బంగారు బతుకమ్మ’ అంటారు. రెండూ ఒకటే బంగారమా?" అని నిన్న మన గుంపులో ఒక చెల్లె అడిగింది. చాలామంది "పసుపు రంగు వల్ల" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. తంగేడు పూల వరకు ఆ మాట సరిపోతుంది. జమ్మి ఆకు మాత్రం ఆకుపచ్చగానే ఉంటుంది కదా! అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. దసరా అంటే నాకు ప్రాణం కాబట్టి పండుగ ముచ్చట్లు కూడా మధ్యలో వస్తాయి.

ముందు పాట సంగతి చూద్దాం. "బతుకమ్మ బతుకమ్మ ఉయ్యాలో, బంగారు బతుకమ్మ ఉయ్యాలో" అన్న పల్లవిని కాగితం మీద రాసి, లఘువుకు ఒకటి, గురువుకు రెండు చొప్పున మాత్రలు లెక్కగట్టండి. "బతుకమ్మ"లో బ, తు లఘువులు, "మ్మ"కు ముందున్న క గురువు, చివరిది లఘువు. మొత్తం ఐదు. "బంగారు"లో బం, గా గురువులు, రు లఘువు. ఇదీ ఐదే. "ఉయ్యాలో"కు ఆరు. అంటే మొదటి పాదం ఐదు, ఐదు, ఆరు. రెండో పాదమూ అంతే, ఒక్క మాత్ర తేడా లేదు. "బంగారు" తీసేసి అక్కడ "పసిడి" పెట్టి చూడండి, రెండు మాత్రలు తక్కువవుతాయి. "బంగారపు" అంటే ఒకటి ఎక్కువవుతుంది. దానికి తోడు బతుకమ్మలోని ‘బ’తో బంగారులోని ‘బ’ కలుస్తుంది. ఆ చోట కూర్చోవడానికి తెలుగులో ఇంతకన్నా తగిన మాట నాకు కనిపించలేదు.

ఇంకొకటి చూడండి. "ఒక్కేసి పువ్వేసి చందమామ" అన్న పాట ఉంది కదా. ఒక్కేసి ఐదు, పువ్వేసి ఐదు, చందమామ ఆరు! "రామనే శ్రీరామ ఉయ్యాలో" అన్నదీ ఐదు, ఐదు, ఆరే. అందుకే మన ఆడవాళ్ళు ఒక పాటలోంచి ఇంకో పాటలోకి ఎక్కడా తడబడకుండా వెళ్ళిపోతారు. ఉయ్యాలో ఉన్నచోట చందమామ పెట్టి పాడినా నడక చెడదు. మా నాయినమ్మకు అక్షరాలు రావు. గురువు, లఘువు అన్న మాటలు ఆమె ఎన్నడూ విని ఉండదు. కానీ వాడకట్టు ఆడవాళ్ళందరికీ పాట చెప్పేది ఆమెనే. కథ మధ్యలో మాట మరిచిపోతే అప్పటికప్పుడు అదే కొలతలో ఇంకో మాట వేసేది. మిగిలినవాళ్ళు చప్పట్లు ఆపకుండా పట్టేవాళ్ళు. అన్ని చరణాలూ ఇలా గీత గీసినట్టు రావు. పాడేవాళ్ళు ఒక అక్షరాన్ని సాగదీసి, ఇంకోదాన్ని పొట్టి చేసి సరిపెడతారు. చెవికి నడక అందితే చాలు, మిగతాది గొంతు చూసుకుంటుంది.

ఈ నేలమీద పాటకు ఉన్న పాతదనం కూడా గుర్తుచేసుకోవాలి. పాలకుర్తి సోమనాథుడు కాకతీయుల కాలంలోనే ‘పండితారాధ్య చరిత్ర’లో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు అంటూ జనం పాడుకునే పాటల పేర్లు వరసగా చెప్పాడు. మన దేవనూరులో పుట్టిన బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపద గేయాల మీదే ఉస్మానియాలో డాక్టరేటు చేశారు. కాలేజీ చదువుల్లో ఈ పాటలకు చోటు దొరకడంలో ఆయన కష్టం చాలా ఉంది.

ఇక వ్యాకరణం. చిన్నయసూరి సూత్రం ప్రకారం కర్మధారయంలో చివరి ‘ము’ స్థానంలో పు, ంపు వస్తాయి. సరసము, మాట కలిస్తే సరసపు మాట. ఆ లెక్కన బంగారపు బతుకమ్మ అనాలి. అలా ఎవరూ అనరు. బంగారు తల్లి, బంగారు కొండ, బంగారు గాజులు అనే అంటాం. సినిమా పేర్లు చూసినా ఇదే తేలుతుంది: 1969లో ‘బంగారు పంజరం’, 1973లో ‘బంగారు బాబు’, 1993లో ‘బంగారు బుల్లోడు’. ఒక్కదానికీ ‘బంగారపు’ లేదు. 2006లో ‘బంగారం’ అని నేరుగా పేరు పెట్టిన సినిమా వచ్చేనాటికి అది పిలుపు మాట అయిపోయింది. పిల్లలను, ప్రేమించినవాళ్ళను ఇప్పుడు అందరూ అలాగే పిలుస్తున్నారు.

ఈ మాటకు మూలం ఏమిటని ఒకరు అడిగారు. ప్రకృతి వికృతుల పట్టికల్లో భృంగారము ప్రకృతి, బంగారము వికృతి అని ఉంటుంది. సంస్కృతంలో భృంగారమంటే బంగారంతో చేసిన నీళ్ళ పాత్ర అని కూడా అర్థం ఉంది, రాజుల అభిషేకాల్లో వాడేది. ఇది తెలిసినప్పటి నుంచీ నాకు ఆ మాట వింటే ఇతరుల కోసం వంచి పోసే పాత్రే గుర్తొస్తుంది. మనకు పసిడి, పైడి అన్నవి ఉన్నాయి. కానీ నోటిమాటగా నిలిచింది బంగారమే.

ఇప్పుడు జమ్మి దగ్గరికి వద్దాం. ఊరి జమ్మిచెట్టు దగ్గర కాగితం మీద రాసి కొమ్మకు పెట్టే శ్లోకం ఇది:

శమీ శమయతే పాపం శమీ శత్రువినాశినీ
అర్జునస్య ధనుర్ధారీ రామస్య ప్రియదర్శినీ

రాసేవాళ్ళలో చాలామంది రెండో వరుసలో "ధనుర్ధారీ" అంటే అర్జునుడే అనుకుంటారు. అది సరికాదు. "అర్జునస్య" షష్ఠీ విభక్తి, అంటే "అర్జునుడి యొక్క". ధనుస్సును మోసింది చెట్టు. అజ్ఞాతవాసానికి విరాటుడి కొలువులో చేరబోయే ముందు పాండవులు ఆయుధాలన్నీ జమ్మిచెట్టు మీద దాచారు కదా, ఆ ఏడాదంతా గాండీవం బరువు మోసిన తల్లి అని దండం పెడుతున్నాం. ‘ధర్మసింధు’ లాంటి గ్రంథాల్లో ఇదే శ్లోకం ఇంకోలా ఉంది. "శమీ లోహితకంటకా" అని, "ధారిణ్యర్జునబాణానాం రామస్య ప్రియవాదినీ" అని. లోహితకంటకా అంటే ఎర్రటి ముళ్ళు కలది. నాకు ఈ పాఠమే ఎక్కువ ఇష్టం. జమ్మి కొమ్మ వంచి ఆకు తెంపినవాళ్ళకు ఆ ముళ్ళ సంగతి తెలుసు. ఆ పాఠంలో శత్రువుల ఊసు లేదు, చెట్టు ఎలా ఉంటుందో ఉంది. అయితే కాగితాల మీద ‘శత్రువినాశినీ’ పాఠమే కనిపిస్తుంది.

శమీ శమయతే అన్నప్పుడు పేరులోనే పని ఉంది: శమింపజేసేది శమి. శమి తెలుగులో జమ్మి కాగానే ఆ చమత్కారం పోయింది. జమ్మి అన్న మాటలో శాంతి, శమనం ఏదీ వినపడదు. పోయిన ఆ అర్థం స్థానంలో మనవాళ్ళు "బంగారం" తెచ్చి పెట్టుకున్నారని నా అభిప్రాయం. సంస్కృతం రాని ఇంట్లో కూడా ఆకు విలువ ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది.

జమ్మిని బంగారం అనే కథ కాళిదాసు ‘రఘువంశం’ ఐదో సర్గ నుంచి వచ్చిందని ఒక పెద్దాయన రాశారు. అక్కడ మూలం ఉన్న మాట నిజమే. గురుదక్షిణ కోసం 14 కోట్లు కావాలని కౌత్సుడు వస్తాడు. విశ్వజిత్ యాగం చేసి సర్వమూ దానం చేసిన రఘువు దగ్గర మట్టిపాత్ర తప్ప ఏమీ ఉండదు. కుబేరుడి మీదికి దండెత్తాలని తలుస్తాడు. తెల్లవారేసరికి ఖజానా ఇంట్లో బంగారు వాన కురిసి ఉంటుంది. కాళిదాసు కావ్యంలో అది ఖజానాలోనే కురిసింది, జమ్మిచెట్టు మీద కాదు. జమ్మిని కలిపి చెప్పుకోవడం జనం కథల్లోనిది. అయితే కాళిదాసు అక్కడొక మంచి మాట చెప్పాడు. కౌత్సుడు గురువుకు ఇవ్వాల్సిన దానికి మించి ముట్టనంటాడు, రఘువు మొత్తం తీసుకుపొమ్మంటాడు. సాకేతపురి జనం ఇద్దరినీ మెచ్చుకుంటారు. ఆ బంగారాన్ని ఇద్దరిలో ఒక్కరూ తమ కోసం ఉంచుకోవాలనుకోలేదు. దసరా బంగారం ఈ తీరుది. మెడలో వేసుకునే బంగారం దాచుకునేది, జమ్మి బంగారం ఇంకొకరి చేతిలో పెట్టేది. ఎవరి జమ్మిని వాళ్ళే తెచ్చి తమ దగ్గరే ఉంచుకుంటే అది వట్టి ఆకు.

నేను పుట్టింది పరకాల దగ్గరి ఊళ్ళో. దసరా నాడు సాయంత్రం మొగవాళ్ళంతా ఊరి బయటికి పోయి పాలపిట్టను చూసి, జమ్మిచెట్టు చుట్టూ తిరిగి, ఆకు తెచ్చేవాళ్ళు. బాపు తెచ్చిన ఆకును మొదట దేవుడి దగ్గర పెట్టి, తర్వాత నాయినమ్మ చేతిలో పెట్టి కాళ్ళు మొక్కేవాడు. అంత పెద్దమనిషి వంగి మొక్కుతుంటే పిల్లలం నోరు మూసుకొని చూసేవాళ్ళం. తర్వాత మా వంతు. కొత్త గౌను నిండా ఆకు పోసుకొని ఇల్లిల్లూ తిరిగేవాళ్ళం. "బంగారం, పెద్దవ్వా" అంటే "బంగారమోలె బతుకు బిడ్డా" అని నెత్తిన చెయ్యి పెట్టి, చీర కొంగు ముడి విప్పి పైసలు ఇచ్చేది. పెద్దవ్వల ముడుల్లో ఆ రోజు చిల్లర ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఆ పైసలతోనే తెల్లారి హనుమకొండలో సినిమా చూసేవాళ్ళం. ఏ సినిమా అన్నదానితో పని లేదు, దసరాకు కొత్తగా పడ్డదైతే చాలు. అన్నయ్య ముందే పోయి లైన్లో నిలబడేవాడు. తిరిగివచ్చే బస్సులో వినేది ఆ సినిమా పాటే, ఇంటికి వచ్చాక నాయినమ్మ దగ్గర పాడితే మాత్రం "దీనికి చప్పట్లు కొట్టరాదు" అని తీసిపారేసేది.

కామెంట్లలో వచ్చిన కొన్నింటికి ఇక్కడే జవాబు రాస్తున్నాను.

ఆదిలాబాద్ తమ్ముడు రాసింది బాగుంది. అక్కడి మరాఠీ ఇళ్ళలో రెండు రెక్కల ఆపటా ఆకు ఇచ్చి "సోనం ఘ్యా, సోన్యాసారఖం రాహా" అంటారట. బంగారం తీసుకో, బంగారంలా ఉండు అని! మా పెద్దవ్వ దీవెన కూడా అదే కదా. చెట్టు మారింది, భాష మారింది, మాట మాత్రం అదే నిలిచింది.

బతుకమ్మ చీరలు దసరా కానుకల్లోకి రావా అని ఒకరు అడిగారు. తప్పకుండా వస్తాయి. 2017లో ప్రభుత్వం మొదలుపెట్టి కొన్నేళ్ళు పంచిన ఆ చీరలు ఎక్కువగా సిరిసిల్ల మరమగ్గాల మీద నేసినవి, మన ఉత్తర తెలంగాణ నేతగాళ్ళ పని. అంతకుముందు నుంచీ పండుగకు ఆడబిడ్డను పిలిచి చీర పెట్టడం ప్రతి ఇంట్లో ఉన్నదే. పండుగ చివరి రోజైన సద్దుల నాడు బతుకమ్మను నీళ్ళలో వదిలాక "ఇస్తినమ్మ వాయినం, పుచ్చుకుంటినమ్మ వాయినం" అని సత్తుపిండి పంచుకోవడం కూడా కానుకే. ఆ మాటల పొందికను చూడండి. ఇచ్చినామె, తీసుకున్నామె ఇద్దరూ పలకాలి. ఒకరే పలికితే వాయినం కాదు.

ఒక్క విషయంలో నాకు బాధ ఉంది. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస (అమావాస్య) నాడు వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మకు వేలమంది వస్తారు. ఆ కళ వేరు. కానీ వాడల్లో ఇప్పుడు పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి రికార్డు పాటలు వేస్తున్నారు. ఆ పాటలు కొన్ని నిజంగా బాగున్నాయి, మా పిల్లలతో నేనూ వింటాను. అయితే స్పీకర్ మోగుతుంటే పాట చెప్పేవాళ్ళ గొంతు వినపడదు. కథ చెప్పే పాటలు పోతున్నాయి. గంటసేపైనా దాన్ని ఆపి పెద్దవాళ్ళతో చెప్పించండి, ఫోన్లో రికార్డు చేసి పెట్టండి. అలాగే జమ్మి. అది మన రాష్ట్ర వృక్షం. బంగారం పేరుతో కొమ్మలకు కొమ్మలు విరిచేస్తున్నారు. చేతిలో పెట్టడానికి చిన్న రెమ్మ చాలు.

చెల్లె ప్రశ్నకు జవాబు: మాట ఒక్కటే. పాటలో అది కొలతకు కుదిరి, గౌరమ్మ మీది ముద్దును చెబుతుంది. జమ్మి దగ్గర చేతులు మారే కానుక అవుతుంది.

ఇక నాకు కావలసింది ఒకటుంది. జమ్మి చేతిలో పెట్టేటప్పుడు మీ ఊళ్ళో ఏమంటారు, పెద్దవాళ్ళు తిరిగి ఏమని దీవిస్తారు? ములుగు, భూపాలపల్లి, జగిత్యాల, నిర్మల్ వాళ్ళు తప్పకుండా రాయండి. ఊరి పేరు కూడా రాయండి. పెద్దవ్వలు ఎట్లా పలుకుతారో అట్లాగే రాయాలి, పుస్తకభాషలోకి దిద్దవద్దు.