"కనిగిరి పోవు దారి": ఇందులో 'పోవు' ఏం తప్పు చేసింది?

గ్రూపులో పెద్దలకు నమస్కారం. ఒక పాత పలక మీద మా ఊళ్ళో తగువు వచ్చింది. మీలో ఎవరైనా తీర్చాలి.

మాది కందుకూరుకు పడమర ఒక పల్లె. ఊరు దాటగానే రోడ్డు రెండుగా చీలే చోట, చింతచెట్టు కింద నడుమెత్తు రాతిపలక ఉంది. దాని మీద చూపుడువేలు చాపిన చెయ్యి బొమ్మ చెక్కి ఉంటుంది, మణికట్టు దగ్గర చొక్కా మడతతో సహా. దాని కింద "కనిగిరి పోవు దారి". ఇంకా కింద "మై" అనే అక్షరం ఒక్కటే మిగిలింది, పక్కనుండాల్సిన అంకె ఎప్పుడో పెచ్చు లేచిపోయింది. మైళ్ళ కాలం నాటిదన్నమాట. తూనికలు కొలతల చట్టం 1956లో వచ్చింది, 1960లలో మన రోడ్ల మీద మైళ్ళు పోయి కిలోమీటర్లు వచ్చాయి. ఆ లెక్కన పలకకు అరవై ఏళ్ళు దాటినట్టే.

ఇప్పుడు దానికి సున్నం కొట్టి అక్షరాలకు నల్లరంగు వేయిద్దామని కుర్రాళ్ళు చందాలు వేసుకున్నారు. సంతోషమే. కానీ పాత అక్షరాల మీద సిమెంటు పూసి "కనిగిరి వెళ్ళు మార్గము" అని రాయిస్తారట. 'పోవు' మోటుగా ఉందని ఒకరు, అపశకునమని ఇంకొకరు. నేను తెలుగు ఎమ్మే చదివానని నన్ను పిలిచి అడిగారు, చెబితే వినలేదు.

నేను చెప్పింది ఇది. పోయిన దారి అంటే అయిపోయిన సంగతి. పోతున్న దారి అంటే ఇప్పుడు జరుగుతున్నది. 'పోవు' అంటే నిన్నా ఇవాళా రేపూ ఎప్పుడూ పోయేది. వ్యాకరణంలో దీన్నే తద్ధర్మార్థకం అంటాం, అంటే దాని స్వభావమే అది. పారు నీరు, మండు వేసవి, పోవు దారి. దారికి ఇంతకంటే సరిపడే మాట ఎక్కడుంది?

ఇంకో తమాషా చూడండి. ఇక్కడ పోయేది ఎవరు? దారా, మనమా? "కనిగిరికి పోయే దారి" అన్నా, "మనం కనిగిరికి పోవడానికి వాడే దారి" అన్నా తెలుగులో రూపం ఒకటే. 'వచ్చిన మనిషి'లో వచ్చింది మనిషి, 'వచ్చిన దారి'లో వచ్చింది మనం. పలక చెక్కినాయన దీని గురించి ఆలోచించి ఉండడు, కానీ మూడు మాటల్లో రెండూ పట్టాయి.

'కి' ఏదీ అని మా కుర్రాడొకడు అడిగాడు. మంచి ప్రశ్నే. "నిన్న నెల్లూరు పోయొచ్చా" అంటాం గానీ "నెల్లూరికి" అని ప్రతిసారీ అంటామా? ఊరి పేరు తర్వాత 'కి' జారిపోవడం మన నోటికి అలవాటే. రాతిమీద ఒక్కో అక్షరానికీ ఉలి దెబ్బలు పడాలి, కాబట్టి అక్కడ ఇంకా సులువుగా జారుతుంది.

మరి 'పోవు' మోటు మాటేనా? మీరేమంటారు?

నెల్లూరు మూలాపేట నుంచి:
అన్నా, మా ఇంట్లో ఈ తగువు ముప్పై ఏళ్ళ నుంచి నడస్తా ఉంది. మా అమ్మది విజయవాడ పక్క. పెళ్ళయి కొత్తగా వచ్చినప్పుడు మా నాయనమ్మ వాకిట్లో నిలబడి "యాడికి పోతుండావమ్మా" అంటే అమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయంట, నన్ను పొమ్మంటున్నారా అని. మా నాయనమ్మకేమో కోడలు "వెళ్తున్నానండీ" అన్నప్పుడల్లా ఇదేదో కచేరీలో మాట్లాడినట్టుందే అని నవ్వు. మా పక్క పోవడం అంటే పోవడమే. అందులో మర్యాద తక్కువా లేదు, ఎక్కువా లేదు. మేము సెలవు తీసుకునేటప్పుడు కూడా "పొయ్యొస్తా" అంటాం, ఎవరూ ఉలిక్కిపడరు. ఉత్త "పోతా" అనం, అది నిజమే. కానీ ఉత్త "వెళ్తా" అని మాత్రం ఎవరంటారు? "వెళ్ళొస్తా" అనే కదా అంటారు.

ఇంకో మాట. మద్రాసు పేరు చెన్నై అయింది 1996లో. ఇప్పటికీ మా ఊళ్ళో అది మద్రాసు బస్టాండే. బోర్డు మార్చినంత మాత్రాన నోరు మారదు. మీవాళ్ళు ఏం రాయించినా ఊరు "కనిగిరి పొయ్యే రోడ్డు" అనే అంటుంది.

ఒంగోలు నుంచి, రిటైరైన తెలుగు మాస్టారు:
బాబూ, నీ వాదన బాగుంది. దానికి ఇది కూడా జోడించుకో. మీవాళ్ళు మర్యాద అనుకుంటున్న 'వెళ్ళు'కు పాత అర్థం బయటికి రావడం, బయలుదేరడం. నమ్మకం లేకపోతే మన నోట్లో ఇంకా మిగిలిన మాటలు చూడు. వెళ్ళగొట్టడం అంటే బయటికి తరమడం. వెళ్ళగక్కడం అంటే లోపలిది బయటికి కక్కడం. గోడు వెళ్ళబోసుకోవడం అంటే కడుపులో ఉన్నది బయట పోసుకోవడం. వెలి, వెలుపల, వెలివేయడం అన్నీ ఆ కుదురువే. ఆ లెక్కన "కనిగిరి వెళ్ళు మార్గము"కు పాతకాలం మనిషి వేరే అర్థం తీస్తాడు. బస్టాండుల్లో "బయటకు వెళ్ళు దారి" అని రాస్తారు చూశావా, అందులో బయట రెండుసార్లు ఉంది! అయితే భాషలో అర్థాలు జరుగుతూ ఉంటాయి, ఇవాళ 'వెళ్ళు' తప్పని నేననను. 'పోవు' తప్పు అంటేనే నాకు కోపం.

అపశకునం సంగతి. "ఆయన పోయారు" అంటే బాధగా ఉందని ఈమధ్య "వెళ్ళిపోయారు" అంటున్నారు. అందులో కూడా 'పోయారు' ఉంది కదయ్యా. దాన్నుంచి తప్పించుకోవడం కష్టం. కరెంటు పోయింది, పరువు పోయింది, పోనీలే, పోగొట్టుకున్నా. పోవును తీసేస్తే తెలుగులో సగం మాటలు నడవవు.

'మార్గము' ఎందుకు తెచ్చారో నాకర్థం కాలేదు. దారి అన్న మాట ఏం పాపం చేసింది?

సూళ్ళూరుపేట నుంచి:
మాది సరిహద్దు. తడ దాటితే బోర్డులు తమిళంలోకి మారతాయి, "చెన్నై సెల్లుం సాలై" అని ఉంటుంది. తమిళంలో కూడా రోజూ మాట్లాడేది 'పో' నే, బోర్డు మీదికి వచ్చేసరికి 'సెల్'. అంటే బోర్డుకు ఇస్త్రీ చొక్కా తొడగాలనే బుద్ధి మీ ఊరి కుర్రాళ్ళది మాత్రమే కాదు. ఆ 'సెల్'కు చుట్టం మన దగ్గరా ఉంది: చెల్లు. చెల్లని నోటు అంటే ముందుకు నడవని నోటు. పాత పద్యాల్లో 'చనుదెంచె' అంటారే, ఆ 'చను' కూడా ఆ ఇంటిదే.

పొదిలి నుంచి:
మార్గము వద్దనుకుని 'రహదారి' అని రాయిస్తారేమో, ముందే చెబుతున్నా. అందులో ఉన్న 'దారి' మన దారి కాదు. ఫారసీలో రాహ్ అంటే దారి. దారీ అంటే జమీందారీ, తహసీల్దారీల్లో ఉండే తోక. మొగలుల కాలంలో రాహ్‌దారీ అంటే దారిన పోయే సరుకు మీద వసూలు చేసే సుంకం. పాత తెలుగులో రహదారి చీటీ అంటే ప్రయాణానికి ఇచ్చే అనుమతి కాగితం. మన చెవికి 'దారి' అని వినపడి రోడ్డు అయిపోయింది. టంగుటూరు టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్ కుయ్‌మన్నప్పుడల్లా నాకు ఆ పాత అర్థమే గుర్తొస్తుంది.

పలక మీద జిల్లా పేరు ఏమైనా ఉందా? మా పొదిలి, మీ కందుకూరు, కనిగిరి, దర్శి అన్నీ 1970కి ముందు నెల్లూరు జిల్లావే. ఉంటే దాన్ని మాత్రం పూడ్చనీయొద్దు.

మొదట రాసిన నేనే మళ్ళీ:
అందరికీ దండాలు. పొదిలి అన్నా, జిల్లా పేరు లేదు, వెనకవైపు కూడా చూశాను. మాస్టారూ, మీ 'వెళ్ళగొట్టు' మాట నిన్న సాయంత్రం చెట్టు కింద చదివి వినిపించాను. కుర్రాళ్ళు పగలబడి నవ్వి, సరే సిమెంటు పూయం, చెక్కిన దాంట్లోనే రంగు నింపుతాం అన్నారు. గెలిచామనుకున్నాను.

ఇవాళ పొద్దున పెయింటరు డబ్బాలు దించుకుని ఫోన్ చేశాడు. "సార్, పోవు అనే రాస్తాలే. కాకపోతే రెండో దారికి కూడా పలక వేయమంటున్నారు. దానికీ అదే మాట వాడమంటారా?"

రెండో దారి మా ఊరి శ్మశానానిది. అపశకునం అన్నవాళ్ళ మనసులో ఉన్నది ఆ రెండో దారి అని నాకప్పుడు వెలిగింది. ఇన్నాళ్ళూ నేను వాళ్ళకు వ్యాకరణం చెబుతూ కూర్చున్నాను.

దాని మీద ఏం రాయించాలో చెప్పండి. పెయింటరు రెండు గంటల దాకా ఉంటానన్నాడు.