నూకల గ్లూకోజుతో కుట్ల దారం: జన్యుమార్పు చేసిన బ్యాక్టీరియాతో ఎంతవరకు సాధ్యం?

ప్రశ్న (ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ విద్యార్థిని, మిర్యాలగూడ)

పెద్దలందరికీ నమస్కారం. మా మిర్యాలగూడ రైస్ మిల్లుల నుంచి నూకలు, తవుడు ఎంతగా వస్తాయో ఈ జిల్లా వారికి వేరే చెప్పనక్కరలేదు. జన్యుమార్పు చేసిన ఈ. కోలై బ్యాక్టీరియాతో పాలీ-4-హైడ్రాక్సీబ్యూటిరేట్ అనే పాలిమర్‌ను (చిన్న అణువులు గొలుసులా కలిసిన పదార్థాన్ని) తయారు చేసి, దాని నుంచి ఒంట్లో తనంతట తానే కరిగిపోయే కుట్ల దారం తీస్తున్నారనీ, దానికి అమెరికాలో 2007లోనే అనుమతి లభించిందనీ చదివాను. బ్యాక్టీరియాకు కావలసింది గ్లూకోజే అయినప్పుడు నూకలలోని పిండిపదార్థంతోనే దాన్ని చవకగా తయారు చేయలేమా? నా ప్రాజెక్టుకు ఈ అంశమే తీసుకోవాలని ఉంది. ఇందులో అసలు కష్టం ఎక్కడుందో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (బయోటెక్నాలజీ అధ్యాపకుడు, నల్లగొండ)

చాలా మంచి అంశం అమ్మా. తిండి మిగిలినప్పుడు కార్బన్‌ను రేణువులుగా దాచుకునే అలవాటు అనేక బ్యాక్టీరియాలకు ఉంది. ఆ రేణువులలోని పాలీహైడ్రాక్సీబ్యూటిరేట్‌ను 1926లో ఫ్రాన్స్‌కు చెందిన మోరిస్ లెమోయిన్ బాసిల్లస్ మెగాటీరియంలో గుర్తించారు. ఈ. కోలైకి ఆ అలవాటు లేదు. 1988లో ఆ రేణువులను తయారు చేయించే జన్యువులను మరో బ్యాక్టీరియం నుంచి తెచ్చి పెట్టగా అదీ రేణువులు నింపుకుంది. దాచినదాన్ని తిరిగి తినే ఎంజైము దానికి లేదు కాబట్టి చేరిన పాలిమర్ చేరినట్టే ఉండిపోవడం మనకు కలిసివచ్చిన విషయం. ప్లేటు మాధ్యమంలో నైల్ రెడ్ రంగు కలిపి అతినీలలోహిత కాంతి కింద చూడండి: పాలిమర్ నింపుకున్న కాలనీలు నారింజ రంగులో వెలుగుతాయి, ఖాళీవి మసకగా ఉండిపోతాయి.

అయితే ఆ సాదా రకం పెళుసు, వంచితే విరుగుతుంది. దారానికి పనికివచ్చేది మీరు చెప్పిన రకమే. క్లాస్ట్రిడియం క్లూవెరి అనే మరో బ్యాక్టీరియం జన్యువును చేర్చి, గ్లూకోజుతో పాటు 4-హైడ్రాక్సీబ్యూటిరిక్ ఆమ్లాన్ని కూడా అందిస్తే దాన్ని ఈ. కోలై చేత తయారు చేయించవచ్చని 1997లో జర్మనీ శాస్త్రవేత్తలు చూపించారు. అది తెగేలోపు దాదాపు పది రెట్లు సాగుతుంది. ఒంట్లో విడిపోయినప్పుడు వచ్చే 4-హైడ్రాక్సీబ్యూటిరేట్ మన శరీరంలో సహజంగానే ఉండే పదార్థం, చివరకు కార్బన్ డయాక్సైడుగా, నీరుగా బయటికి పోతుంది.

ఇక నూకల సంగతి. ఈ. కోలైకి పిండిపదార్థం నేరుగా అరగదు కాబట్టి ముందు అమైలేజ్, గ్లూకోఅమైలేజ్ ఎంజైములతో గ్లూకోజుగా విడగొట్టాలి. అది కష్టమైన పనేమీ కాదు. కానీ నూకల వల్ల ధర నిజంగా తగ్గేది టన్నుల లెక్కన అమ్మే కవర్ల ప్లాస్టిక్‌కే తప్ప, పోగు బరువు గ్రాము కూడా ఉండని కుట్ల దారానికి కాదన్నది నా అభిప్రాయం. దాని విలువంతా శుద్ధిలో ఉంది. ఈ. కోలై బయటి పొరలోని లైపోపాలీశాకరైడ్, అంటే ఎండోటాక్సిన్, అతి స్వల్పంగా రక్తంలో చేరినా చలిజ్వరం తెస్తుంది, ఎక్కువైతే రక్తపోటు పడిపోతుంది. ప్రయోగశాలలకు అలవాటుపడిన కే-12 రకం పేగుల్లో నిలదొక్కుకోలేదన్నది నిజమే గాని, జ్వరం తెప్పించే లిపిడ్-ఏ భాగం దానికీ ఉంది. క్లోరోఫాంతో పాలిమర్‌ను తీసేటప్పుడు ఇది కొంత వెంట వస్తుంది. సోడియం హైడ్రాక్సైడుతో కడిగితే బాగా తగ్గుతుంది, కానీ గాఢత, సమయం మించితే పాలిమర్ గొలుసులు కూడా తెగుతాయి. మీరు తేల్చవలసింది ఆ మధ్యస్థాయి ఎక్కడన్నదే.

జవాబు (ఫార్మా నాణ్యతా విభాగం ఉద్యోగి, జడ్చర్ల)

సార్ చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడితో కూడిన వేడి ఆవిరిలో, పెడితే బ్యాక్టీరియా చస్తుంది గాని ఎండోటాక్సిన్ పోదు. మేము గాజుసామానును 250 డిగ్రీల పొడి వేడిలో 30 నిమిషాలు ఉంచుతాము. ఈ పాలిమర్ 60 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి ఆ దారి మూసుకుపోయినట్టే. సూక్ష్మజీవుల కోసం చివర్లో ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు వాడవచ్చు గాని, ఎండోటాక్సిన్‌ను మాత్రం అంతకుముందే తొలగించి ఉండాలి. ఒంట్లో అమర్చే పరికరానికి సాధారణ పరిమితి 20 ఎండోటాక్సిన్ యూనిట్లు, వెన్నుద్రవాన్ని తాకే పరికరానికి 2.15 మాత్రమే. పరీక్షలో నమూనాను గుర్రపునాడా పీత రక్తకణాల సారంతో కలిపి, 37 డిగ్రీల వద్ద గంటసేపు కదలకుండా ఉంచి, గొట్టాన్ని మెల్లగా తలకిందులు చేస్తాము. ఎండోటాక్సిన్ ఉంటే ఆ సారం గడ్డకడుతుంది కాబట్టి, గడ్డ జారకుండా నిలిచిందంటే ఆ నమూనా పనికిరాదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఎండోటాక్సిన్ లేని బ్యాక్టీరియానే ఎంచుకుంటే ఈ చిక్కు తప్పుతుందా సార్?

జవాబు (బయోటెక్నాలజీ అధ్యాపకుడు, నల్లగొండ)

కొన్ని పాలిమర్ల విషయంలో తప్పుతుంది. మోకాలి కీలులోకి ఇచ్చే ఇంజెక్షన్లలోను, కంటిశుక్లం ఆపరేషన్లలోను వాడే హైలురోనిక్ ఆమ్లాన్ని మొదట్లో కోడిపుంజుల జుట్టు నుంచి తీసేవారు, ఆ తర్వాత స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా నుంచీ తీస్తున్నారు. స్ట్రెప్టోకాకస్ జన్యువును బాసిల్లస్ సబ్టిలిస్‌లో పెట్టి తయారు చేసిన పరిశోధన 2005లో వెలువడింది. ఈ బ్యాక్టీరియం గ్రామ్-పాజిటివ్, అంటే ఈ. కోలైకి ఉన్నలాంటి బయటి పొర లేని రకం, కాబట్టి ఎండోటాక్సిన్ ఉండదు. పైగా ఆమ్లం బయటి ద్రవంలోకే వచ్చేస్తుంది గనుక కణాలను పగలగొట్టవలసిన పని కూడా లేదు. జంతువుల నుంచి తీసే పదార్థాలకు ఇలాంటి ప్రత్యామ్నాయాలు ఎంత అవసరమో 2008లో పందుల పేగుల నుంచి తీసిన హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు)లో కల్తీ బయటపడి, అమెరికాలో రోగుల ప్రాణాలు పోయినప్పుడు లోకానికి తెలిసింది.

మీ ప్రాజెక్టుకైతే ఇంత దూరం వద్దు. నూకల గ్లూకోజుతో సాదా పాలీహైడ్రాక్సీబ్యూటిరేట్‌ను తీసి, సోడియం హైడ్రాక్సైడ్ శుద్ధికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఎండోటాక్సిన్‌ను కొలవండి. కొనుక్కున్న శుద్ధ గ్లూకోజుతో పెంచిన బ్యాచ్‌ను పక్కన పెట్టి పోల్చండి, ఎందుకంటే నూకలతో వచ్చే ప్రోటీన్లు, ఇతర మలినాలు బ్యాచ్ బ్యాచ్‌కూ మారుతుంటాయి. జన్యుమార్పు చేసిన జీవులతో పని 1989 నాటి నిబంధనల కిందికి వస్తుంది కాబట్టి, కల్చర్ తెప్పించుకునే ముందే మీ సంస్థలోని జీవభద్రతా సంఘానికి మీ గైడ్ ద్వారా దరఖాస్తు పెట్టించండి.