లంబసింగి ఘాట్‌కి సైకిల్: ఎక్కేటప్పుడు చెమట, దిగేటప్పుడు చలి. ఏం వేసుకోవాలి?

డిసెంబర్ చివర్లో తెల్లవారుజామున నర్సీపట్నం నుంచి లంబసింగి ఎక్కి, వెంటనే తిరిగి దిగాలి. కింద 18 డిగ్రీలు, పైన 5 నుంచి 8 ఉంటుందనుకుంటున్నాను. చలిలో తొక్కే అలవాటున్నవాళ్లు కాస్త సలహా ఇవ్వండి.

లోపల పల్చటి పాలిస్టర్ జాలీ బనియన్, పైన పొట్టి చేతుల జెర్సీ, చేతులకు ఆర్మ్ వార్మర్లు అనుకున్నాను. కాటన్ ససేమిరా వద్దు, చెమట పీల్చుకుని ఒంటికి అంటుకుపోతుంది. ఎక్కేటప్పుడు వార్మర్లు మణికట్టు దాకా దించేసి, జెర్సీ జిప్ సగం తీస్తే సరిపోతుంది.

అసలు చిక్కంతా దిగేటప్పుడే. 10 డిగ్రీల్లో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో దిగితే గాలికి 6 డిగ్రీల్లా తగులుతుంది, పైగా బనియన్ తడిసి ఉంటుంది, కాళ్లకు పనుండదు. వేళ్లు కొయ్యబారితే మలుపుల్లో బ్రేక్ పట్టు దొరకదు. అందుకే ఫుల్ గ్లౌజులు తప్పనిసరిగా పెట్టుకుంటున్నాను, జేబులో ఇంకో పొడి బనియన్ కూడా. పైన ఆగగానే, ఒళ్లు చల్లబడకముందే మార్చుకోవాలి.

తేలనివి ఇవీ: గాలి ఆపే చేతుల్లేని జాకెట్ చాలా, ఫుల్ జాకెట్ కావాలా? రెయిన్ కోట్ గాలిని ఆపుతుంది గానీ లోపలి చెమటను బయటికి పోనివ్వదు. జెర్సీ లోపల ఛాతీకి దినపత్రిక పెట్టుకునే పాత పద్ధతి మంచుకి తడిసినా పనిచేస్తుందా? మోకాళ్లకు వార్మర్లు కావాలా, షార్ట్స్ చాలా?