భ్రామకమా, భ్రమకమా? కోణీయ ద్రవ్యవేగం నిర్వచనంలో ఒక మాట

మల్లేశ్వరం, బెంగళూరు:
మిత్రులకు నమస్కారం. ఇంటర్మీడియట్ తెలుగు మాధ్యమంలో మా భౌతికశాస్త్రం మాస్టారు నల్లబల్ల మీద రాయించిన ఒక వాక్యం రెండు రోజులుగా సగమే గుర్తొచ్చి నన్ను వదలడం లేదు. “...ద్రవ్యవేగ భ్రామకాన్నే కోణీయ ద్రవ్యవేగం అంటారు” అన్నది దాని చివరి భాగం. (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే ద్రవ్యవేగం, దాన్ని మళ్లీ లంబదూరంతో గుణిస్తే దాని భ్రామకం.) మొదట్లో “బిందువు దృష్ట్యా” అని ఉందో, “అక్షం దృష్ట్యా” అని ఉందో ఎంత ఆలోచించినా తేలడం లేదు. ఇక్కడే పదకొండో తరగతి చదువుతున్న మా మేనకోడలి హోంవర్కు వల్ల ఇదంతా జ్ఞాపకం వచ్చింది. 2 కిలోల వస్తువు సెకనుకు 3 మీటర్ల వేగంతో సరళరేఖలో పోతుంటే, ఆ రేఖకు 4 మీటర్ల లంబదూరంలో ఉన్న బిందువు దృష్ట్యా దాని కోణీయ ద్రవ్యవేగం ఎంత అన్నది లెక్క. ఆ పిల్ల సున్నా అని రాసి, కింద రెండు గీతలు గీసింది. “తిరగనిదానికి కోణీయం ఎక్కడిది మామయ్యా?” అని అడిగింది. మూడింటినీ గుణించి 24 అని చూపిస్తే అంకెను ఒప్పుకుంది గాని, మాటను ఒప్పుకోలేదు. పేరులో ‘కోణీయ’కు బదులు ‘భ్రామకం’ ఉండి ఉంటే ఆ పిల్ల పొరబడేది కాదని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఇంతకీ అది భ్రామకమా, భ్రమకమా?

జయనగర్, బెంగళూరు:
దీర్ఘమేనండీ, సందేహం అక్కర్లేదు. తిరుగుడులో మార్పును వస్తువు ఎంత ఎదిరిస్తుందో చెప్పే రాశిని జడత్వ భ్రామకం అని మనమంతా దీర్ఘంతోనే చదువుకున్నాం. తిరిగేది కాదు, తిప్పేది భ్రామకం. గీత పద్దెనిమిదో అధ్యాయంలో “భ్రామయన్ సర్వభూతాని యంత్రారూఢాని” అన్నచోట ఉన్న దీర్ఘమే ఇదీను.

మైలాపూరు, చెన్నై:
గీతా ప్రయోగానికి నమస్కరిస్తూనే నా అభ్యంతరం చెబుతాను. శమయతి, దమయతి, గమయతి అన్నట్టు అమ్-తో ముగిసే ధాతువులకు (క్రియల మూలరూపాలకు) ప్రేరణార్థంలో, అంటే చేయించడమనే అర్థంలో, హ్రస్వం రావడమే వ్యాకరణ మార్గం. ఆ దారిన భ్రమయతి అనే కావాలి, కాబట్టి భ్రమకం అన్న రూపాన్ని తప్పని కొట్టేయడానికి వీల్లేదు. పైగా సంస్కృత నిఘంటువుల్లో భ్రామకుడంటే మోసగించేవాడనే అర్థం కూడా ఉంది. మా తమిళ మిత్రుల పిల్లలు జడత్వ భ్రామకాన్ని ‘నిలైమ తిరుప్పుత్తిఱన్’ అని చదువుతారు. అందులో ‘తిరుప్పు’ అంటే తిప్పడమని వినగానే తెలుస్తుంది. మనం ఒక్క అక్షరం దగ్గర ఇంత దూరం పోవలసి వస్తోంది.

జయనగర్, బెంగళూరు:
అవే నిఘంటువుల్లో భ్రామకానికి ఒక రకం అయస్కాంతమనే అర్థం కూడా ఉంది, దాన్ని మీరు వదిలేశారు. ఇనుమును తిప్పే రాయికి ఆ పేరు వచ్చిందంటే దీర్ఘానికి అంతకంటే బలమైన సాక్ష్యం అక్కర్లేదు. తిప్పడం అంటే ఏమిటో తెలుగులో చూడాలంటే పోతన అష్టమ స్కంధంలోని క్షీరసాగర మథనం చదవాలి. మందరాన్ని మనవాళ్లు కవ్వపుకొండ అన్నారు. మా అమ్మమ్మ చల్ల చిలికేటప్పుడు కవ్వం పైభాగాన్ని గుంజకు కట్టిన తాటి ఉచ్చులోకి దూర్చి, మధ్యలో చుట్టిన తాడు కొసలను ఒకదాని తరవాత ఒకటి లాగేది. లాగే బలం కవ్వపు కర్ర అంచును ఒరుసుకుంటూ పోతుంది, కర్ర వ్యాసార్ధమే భ్రామక బాహువు, అంటే అక్షం నుంచి ఆ బలరేఖకు ఉన్న లంబదూరం. అందుకే సన్న కర్ర కన్నా లావు కర్ర అదే లాగుడుకు ఎక్కువ బలభ్రామకాన్ని, అంటే బలానికి ఉన్న తిప్పే ప్రభావాన్ని, ఇస్తుంది.

మైలాపూరు, చెన్నై:
అదే స్కంధంలో “కరి దిగుచు మకరి సరసికి” అన్న పద్యం కూడా ఉంది గదా. అక్కడ ఏనుగుదీ మొసలిదీ ఎదురెదురు లాగుడే తప్ప తిప్పుడు లేదు. ఒకే రేఖ మీద సమానంగా ఎదురెదురు లాగితే బలభ్రామకాల మొత్తం ఏ బిందువు దృష్ట్యా అయినా సున్నాయే. మీ కవ్వం పక్కన ఆ పద్యం పెట్టి చెబితే పిల్లలకు తేడా బాగా తెలుస్తుంది. హ్రస్వం విషయంలో మాత్రం నా మాట నాదే.

వైట్‌ఫీల్డ్, బెంగళూరు:
నేను పాతికేళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను గనుక ‘కోణీయ’ తరఫున ఒక మాట మనవి చేస్తాను. ఆంగ్లంలో కూడా ద్రవ్యవేగ భ్రామకం అనే అర్థమిచ్చే పేరు ఉంది. ఇప్పుడు వాడే, కోణీయ ద్రవ్యవేగం అనే అర్థమిచ్చే ఆంగ్లం పేరుకు ఇప్పటి అర్థాన్ని 1858లో స్కాట్లాండు ఇంజనీరు రాంకిన్ తన పుస్తకంలో స్థిరపరిచాడు. మేనకోడలి లెక్కలో ఆ బిందువు దగ్గర నిలబడి వస్తువునే చూస్తుంటే, అది సరళరేఖలోనే పోతున్నా మన చూపు తిరుగుతూనే ఉంటుంది, ఆ కోణమే పేరులోని కోణం. 1609లో కెప్లర్ గ్రహాలకు చెప్పిన సమాన వైశాల్యాల నియమం ఇక్కడా వర్తిస్తుంది. ఆ బిందువు నుంచి వస్తువుకు గీసిన గీత ఒక్క సెకనులో 3 మీటర్ల భూమి, 4 మీటర్ల ఎత్తు గల త్రిభుజాన్ని ఊడుస్తుంది, దాని వైశాల్యం 6. ప్రతి సెకనుకూ త్రిభుజం ఆకారం మారుతుంది గాని వైశాల్యం మారదు. దానికి రెండింతలను 2 కిలోలతో గుణిస్తే అదే 24 వస్తుంది. మీ మాస్టారు బిందువన్నారో అక్షమన్నారో నేను చెప్పలేను, ఎందుకంటే రెండూ సరైనవే. బిందువు దృష్ట్యా అయితే అది సదిశ (పరిమాణంతో పాటు దిశ కూడా ఉన్న రాశి), ఆ బిందువు గుండా పోయే అక్షం దృష్ట్యా అయితే ఆ సదిశకు అక్షం వెంబడి ఉన్న అంశ, అంటే ఆ దిశలో దాని భాగం.

మల్లేశ్వరం, బెంగళూరు:
త్రిభుజాలు చాలా బాగా పనిచేశాయండీ, మీకు కృతజ్ఞతలు. మా మేనకోడలు గళ్ల కాగితం మీద వరసగా ఐదు గీసి, గళ్లు లెక్కపెట్టి చూసుకుంది. తరవాత 24 వేసింది గాని తన సున్నాను కొట్టెయ్యలేదు. దాని పక్కన “రేఖ మీదున్న బిందువు దృష్ట్యా” అని సన్నగా పెన్సిల్‌తో రాసి పెట్టుకుంది.

మైలాపూరు, చెన్నై:
చక్కగా రాసింది, నా ఆశీస్సులు చెప్పండి. భ్రమయతి సంగతి మాత్రం రేపు ధాతుపాఠం (సంస్కృత ధాతువుల పట్టిక) చూసి మళ్లీ రాస్తాను.