చెల్క నేలలో ఆపిల్ తోట వేయవచ్చా?

పాలమూరు_తోట: దేవరకద్ర దగ్గర బోరు కింద మాకు రెండెకరాల చెల్క ఉంది. ఎండను తట్టుకుంటుందంటున్న హెచ్‌ఆర్‌ఎంఎన్-99 ఆపిల్ వేయాలనుకుంటున్నాను. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

కనగల్_బత్తాయి: వేయకండి. కశ్మీర్ రకాలు పూతకు రావాలంటే 7 డిగ్రీల లోపు చలి దాదాపు 1,000 గంటలు కావాలి. నల్లగొండలో అంతకు దిగే రాత్రులే అరుదు.

దేవరకొండ_రైతు: అది పాత రకాల మాట. ఇజ్రాయెల్ వారి అన్నా రకానికి, బహామాస్ నుంచి వచ్చిన డోర్సెట్ గోల్డెన్‌కు, హిమాచల్‌లో హరిమన్ శర్మ గారు వృద్ధి చేసిన హెచ్‌ఆర్‌ఎంఎన్-99కు అంత చలి అక్కరలేదు. ఇండోనేషియాలోని మలాంగ్ ప్రాంతంలో చలికాలమే లేకపోయినా, కోత కాగానే ఆకు దూసి ఏడాదికి రెండు కాపులు తీస్తున్నారు. మీరు బత్తాయికి నీళ్లు ఆపి, బెట్ట పెట్టి పూత తెప్పించడం లేదా?

కనగల్_బత్తాయి: మలాంగ్ తోటలు కొండల మీదివి. అక్కడ మే నెలలో 44 డిగ్రీల ఎండ కాయదు. చలి గంటల లెక్కకు మాత్రం మీరు జవాబు చెప్పలేదు.

చిట్యాల: మా పెరట్లో చెట్టు కాసింది. కాయ చిన్నది, ఎరుపు సరిగా ఎక్కలేదు, రుచి బాగుంది.

దేవరకొండ_రైతు: కాసిన చెట్టు కళ్లెదుట ఉండగా గంటల లెక్క ఎందుకు? పైగా మన కాయ జూన్‌లో వస్తుంది. కశ్మీర్ ప్రధాన కోత ఆగస్టు తర్వాతే.

కనగల్_బత్తాయి: జూన్‌లో శీతల గిడ్డంగుల సరుకు, విదేశీ సరుకు ఉండనే ఉంటాయి. రంగు రాని కాయను బాటసింగారం పండ్ల మార్కెట్లో ఎవరు కొంటారు? ఇంతకీ మీరు మొక్కలు అమ్ముతారా?

దేవరకొండ_రైతు: నేను ఒక్క మొక్కా అమ్మలేదు. బత్తాయే గతి అని పెద్దలందరూ చెప్పినందుకే ధర పడిపోయిన ఏడు మా నాన్నగారు కాయను చెట్టు మీదే వదిలేశారు. ఆ మాటే మళ్లీ వినాలా?

కనగల్_బత్తాయి: నా బాధ కూడా వినండి. ఒక నర్సరీ అన్నా రకమని అంటగట్టిన మొక్కల్లో అంటు కట్టిన పై కొమ్మ ఎండిపోయి, అతుకు కింది నుంచి వేరు మొక్క చిగుళ్లే లేచాయి; ఏళ్లు గడిచాక గాని అది తెలియలేదు. కాయ మొహం చూడకముందే ఎకరానికి లక్షలని చెప్పి, కాసే తోటను పీకించేవారి మీదే నా కోపం. పెరట్లో నాలుగు చెట్లు వేసుకుంటే నేను కాదనను.

దేవరకొండ_రైతు: నాలుగు చెట్ల కోసం ఏ వ్యాపారీ ఊరికి రాడు. ఎవరో ఒకరు ఎకరం వేయాలి కదా?

కనగల్_బత్తాయి: ఆ ఎకరం అప్పు తెచ్చిన రైతే ఎందుకు వేయాలి? సిద్దిపేట జిల్లా ములుగులో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది; ముందు వారు వేసి, కాపు, ధర రెండూ చూపించాలి.

దేవరకొండ_రైతు: వారు చూపించేదాకా మేము ఆగలేము.

పాలమూరు_తోట: నేను ఏ తోటా పీకడం లేదు, అప్పూ తేవడం లేదు, ఆ చెల్క బీడుగానే ఉంది. ఒక మూలన అన్నా రకం, పరాగం కోసం పక్కనే డోర్సెట్ పెడతాను. అతుకు నేలకు ఎంత ఎత్తులో ఉండాలో ఎవరైనా చెప్పండి.